ఉబ్బిన డ్రోన్ బ్యాటరీ: ఎగరేయాలా, సెల్స్ మార్పించాలా, కొత్తది కొనాలా?

శ్రావణంలో మొదటి ముహూర్తానికి రెండు రోజుల ముందు డ్రోన్ బ్యాగ్ తెరిచాను. ఆషాఢమంతా పెళ్లిళ్లు లేవు కాబట్టి అది బీరువా మీదే ఉండిపోయింది. మూడు బ్యాటరీల్లో రెండు బాగానే ఉన్నాయి. మూడోది చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోయింది. వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కితే ఎదురు మూల పైకి లేచింది. వేలు తీస్తే టక్కుమని వాలింది. చదునుగా కూర్చోవాల్సిన బ్యాటరీ, అడుగు సొట్టపోయిన గిన్నెలా ఊగుతోంది.

నా దగ్గర పనిచేసే కుర్రాడు చూసి, "ఏటన్నా, కొంచెమే కదా ఉబ్బింది. లాచ్ పడితే చాలు, ఊరేగింపు వరకు లాగించేద్దాం" అన్నాడు. లాచ్ అంటే బ్యాటరీని డ్రోన్‌లో పట్టి ఉంచే కొక్కెం.

విశాఖలో డ్రోన్ ఎగరేసే చాలామంది దగ్గర ఈ మాట విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. ఇప్పుడు మాత్రం, ఉబ్బిన బ్యాటరీతో ఎగరేయాలా వద్దా అనేది నాకు అసలు ప్రశ్నే కాదు. వద్దు, అంతే. ఆలోచించాల్సినవి రెండే: దాని స్థానంలో ఏది తెచ్చుకోవాలి, దాన్ని ఇంట్లోంచి ఎలా బయటికి పంపాలి. డబ్బులు పోయేదీ, ప్రమాదాలు జరిగేదీ ఈ రెండు చోట్లే.

నిజంగా ఉబ్బిందా?

ముందు ఇది తేల్చుకోండి. ఎఫ్‌పీవీ డ్రోన్లలో (కెమెరా దృశ్యాన్ని కళ్లజోడులో చూస్తూ ఎగరేసేవి) వాడే, పైన ప్లాస్టిక్ డబ్బా లేని మెత్తటి లైపో (లిథియం పాలిమర్) ప్యాక్‌లు గట్టిగా ఎగరేసి దించిన వెంటనే కాస్త మెత్తగా, పొంగినట్టు అనిపించవచ్చు. గంట ఆగి పూర్తిగా చల్లారాక చూడండి. మళ్లీ గట్టిగా, చదునుగా అయితే దాన్ని గమనిస్తూ వాడుకునేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం అలాంటి ప్యాక్ మీద మార్కర్‌తో తేదీ రాస్తాను. రెండోసారి పొంగితే పక్కన పెట్టేస్తాను. చల్లారాక కూడా దిండులా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

డీజేఐ లాంటి కంపెనీల స్మార్ట్ బ్యాటరీలకు ఈ వెసులుబాటు లేదు. వాటి సెల్స్ చుట్టూ గట్టి ప్లాస్టిక్ డబ్బా, లోపల ఛార్జ్ లెక్క చూసే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. ఆ డబ్బాయే బయటికి ఉబ్బి కనపడుతోందంటే లోపల ఖాళీ అంతా నిండిపోయి, సెల్స్ గోడల్ని తోస్తున్నాయని అర్థం. బయటికి ఒక మిల్లీమీటరు కనిపించినా లోపల అంతకు చాలా ఎక్కువే జరిగి ఉంటుంది. గట్టు మీద ఊగడం ఒక పరీక్ష. ఇంకోటి, ఇంతకుముందు సులువుగా జారిన బ్యాటరీ ఇప్పుడు డ్రోన్‌లో బిగుసుకుపోవడం. మూడోది, రెండు లాచ్‌లలో ఒకటే 'క్లిక్' మనడం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా అక్కడితో ఆపేయండి. యాప్‌లో సెల్ వోల్టేజీలు బాగానే కనిపిస్తున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. ఆ నంబర్లు డ్రోన్ ఊరికే కూర్చున్నప్పటివి.

ఉబ్బడానికి కారణం గ్యాస్. సెల్ అంటే అల్యూమినియం రేకు లాంటి సంచి. అందులో పలచటి పొరలు, వాటి మధ్య మండే గుణమున్న ఎలక్ట్రోలైట్ ద్రవం ఉంటాయి. ఫుల్ ఛార్జ్‌లో నెల్లాళ్లు పడి ఉన్నా, పూర్తిగా అడుగంటినా, ఎండలో మగ్గినా ఆ ద్రవం విడిపోయి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, ఎథిలీన్ లాంటి వాయువులవుతుంది. అవి తిరిగి ద్రవంగా మారవు. ఫ్రిజ్‌లో పెడితే తగ్గుతుందనే మాట కూడా విన్నాను. చల్లదనానికి గ్యాస్ కాస్త ముడుచుకుంటుంది, చెడిన పొరలు బాగుపడవు. పైగా మన ఊరి ఉక్కలో ఫ్రిజ్‌లోంచి తీయగానే టెర్మినల్స్ మీద నీళ్లు పడతాయి.

ఇంకొందరు సూదితో పొడిచి గాలి తీసి, టేపు వేసి వాడతారు. దయచేసి ఆ పని చేయకండి. సూది పొరల్లోంచి దిగితే లోపలే షార్ట్ అవుతుంది. దిగకపోయినా, ఆ రంధ్రంలోంచి తేమ లోపలికి పోతుంది. ఎలక్ట్రోలైట్‌లో ఉండే లిథియం లవణం తేమతో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. బట్టలు ఆరడానికి రెండు రోజులు పట్టే ఊళ్లో ఉంటున్నాం మనం.

గాల్లో ఏమవుతుంది?

ఉబ్బిన బ్యాటరీ అనగానే అందరికీ మంటే గుర్తొస్తుంది. ఎగరేసేటప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం వోల్టేజ్ పడిపోవడం. గ్యాస్ వల్ల పొరలు దూరమై సెల్ అంతర్గత నిరోధం, అంటే కరెంటుకు లోపల తగిలే అడ్డు, పెరుగుతుంది. నేల మీద సెల్‌కు 3.8 వోల్టులు చూపించే బ్యాటరీ, గాలికి ఎదురు తిరిగి థ్రాటిల్ లాగగానే 3.2కి కూలిపోవచ్చు. డ్రోన్ దాన్ని 'ఖాళీ అయిపోయింది' అనుకుని తనంతట తాను దిగడం మొదలుపెడుతుంది. కింద పొలముంటే బతికిపోయారు. సముద్రముంటే డ్రోన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒడ్డు నుంచి లోపలికి తీసుకెళ్లి, గాలి ఎటు వీస్తుందో మర్చిపోయి, ఎదురుగాలిలో తిరిగి రావడానికి పూర్తి శక్తి పెట్టాల్సి వచ్చినప్పుడే బలహీనమైన బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

చలికాలంలో లంబసింగి, వంజంగి మేఘాల కోసం తెల్లవారకముందే కొండెక్కేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. చలిలో మంచి బ్యాటరీకే నిరోధం పెరుగుతుంది. వయసైపోయిన బ్యాటరీ అయితే అరవై శాతం చూపిస్తూనే కూలబడుతుంది.

రెండో ప్రమాదం లాచ్. డీజేఐ వాళ్ల మావిక్ ఎయిర్ 2 లాంటి డ్రోన్లలో బ్యాటరీ పై నుంచి కూర్చుంటుంది, రెండు పక్కలా లాచ్‌లు పట్టుకుంటాయి. కింద పొట్ట ఉంటే అది లాచ్‌లను ఎప్పుడూ పైకి తోస్తూనే ఉంటుంది. ప్రొపెల్లర్ల వణుకు తోడై, గాల్లో ఒక లాచ్ ఊడిందంటే కరెంటు పోయినట్టే. ఇలాంటి నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌కు (క్వాడ్‌కాప్టర్) రెక్కలు లేవు, తేలుతూ దిగే అవకాశం లేదు. రాయిలా పడుతుంది. గాలి నిరోధం వదిలేసి లెక్క వేస్తే, 40 మీటర్ల నుంచి పడే వస్తువు నేలను తాకేసరికి సెకనుకు 28 మీటర్లు, అంటే గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మావిక్ ఎయిర్ 2 బరువు 570 గ్రాములు. ఊరేగింపులో డ్రోన్ కింద ఉండేది బ్యాండ్ వాళ్లు, పెళ్లికొడుకు మేనమామలు, వాళ్ల భుజాల మీద పిల్లలు. నా కుర్రాడికి ఈ లెక్క చెప్పాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

'రెండు మీటర్ల ఎత్తులోనే ఎగరేస్తా, ప్రాక్టీసుకు వాడతా' అనే మధ్యదారి కూడా ఉందంటారు. పడితే దెబ్బ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయాలి కదా. ఇంట్లో మంట అంటుకునే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ ఛార్జింగ్ సమయంలోనే. ప్రాక్టీసు కోసం హాల్లో పెట్టి ఛార్జ్ చేయడం తెలివైన పొదుపు కాదు.

దాని బదులు ఏది?

ఎఫ్‌పీవీ వాళ్లకు పెద్దగా చెప్పేదేం లేదు. ఎక్స్‌టీ60 లాంటి మామూలు కనెక్టరు, విడి ఛార్జరు కాబట్టి సెల్స్ సంఖ్య, సీ-రేటింగ్ (ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె), సైజు సరిపోతే ఏ మంచి బ్రాండ్ ప్యాక్ అయినా పెట్టుకోవచ్చు. పాతది తీసేయండి, కొత్తది కొనండి.

చిక్కంతా స్మార్ట్ బ్యాటరీలతో. ఇక్కడ మన ముందు నాలుగు దారులున్నాయి.

అన్నిటికంటే చవగ్గా కనిపించేది సెల్స్ మార్పించడం. డబ్బా తెరిచి, బోర్డు అలాగే ఉంచి, లోపల కొత్త సెల్స్ అతికిస్తారు. నేను ఒకసారి చేయించాను. షాపు పేరు అనవసరం. చేసిన మనిషికి పనిలో శ్రద్ధ ఉంది, సోల్డరింగ్ నీట్‌గా ఉంది. వారం తర్వాత చోడవరం దగ్గర ఒక పొలంలో పరీక్షకు ఎగరేశాను. 38 శాతం దగ్గర హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలబడి ఉంది. కొంచెం పైకి లేపగానే స్క్రీన్ మీద 9 శాతం. ఎర్ర గీత, బీప్ బీప్, డ్రోన్ తనంతట తానే కిందికి దిగుతోంది. వరి మడి గట్టు మీదికి ఎలాగో తెచ్చాను. చేతులు వణకడం చాలాసేపు ఆగలేదు.

ఎందుకిలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. చాలా స్మార్ట్ బ్యాటరీల్లో సెల్స్ తీయగానే బోర్డు తనను తాను లాక్ చేసుకుంటుంది, సాఫ్ట్‌వేర్‌తో తెరవాలి. తెరిచినా, దానికి గుర్తున్నది పాత సెల్స్ సామర్థ్యమే. కాబట్టి శాతం లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద విషయం ఛార్జింగ్ వోల్టేజ్. మామూలు లైపో సెల్‌ను 4.2 వోల్టుల వరకే నింపాలి. మావిక్ ఎయిర్ 2 బ్యాటరీలో మూడు సెల్స్‌కు కలిపి ఛార్జింగ్ పరిమితి 13.2 వోల్టులు. అంటే సెల్‌కు 4.4. అదే కంపెనీ చిన్న డ్రోన్ మినీ 2లో రెండు సెల్స్‌కు 8.8, అదీ సెల్‌కు 4.4 లెక్కే. హై వోల్టేజ్ సెల్స్ కాబట్టే అవి తట్టుకుంటాయి. బజారులో దొరికే మామూలు సెల్స్ అందులో పెడితే, ఛార్జర్ ప్రతిసారీ వాటిని అతిగా నింపుతుంది. అదే మళ్లీ ఉబ్బడానికి, కొన్నిసార్లు అంటుకోవడానికి దారి. 'ఏ సెల్స్ వేస్తున్నారు, ఎన్ని వోల్టుల వరకు' అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేని చోట బ్యాటరీ విప్పనివ్వకండి. చెప్పగలిగినా, మనుషుల మీద ఎగరేసే డ్రోన్‌కు నేనిక ఈ దారి పట్టను.

కంపాటబుల్ బ్యాటరీలు రెండో దారి. వేరే కంపెనీలు అదే ఆకారంలో తయారు చేసేవి. వీటిల్లో మంచివీ ఉన్నాయి, చెత్తవీ ఉన్నాయి. బయటి నుంచి తేడా పట్టుకోవడం కష్టం. ఒక చిన్న గుర్తు చెప్తాను. ఒరిజినల్ కంటే తక్కువ బరువుండి, ఎక్కువ ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు అంకె) రాసి ఉంటే నమ్మకండి. వంటింటి త్రాసు చాలు ఈ పరీక్షకు. కొన్నాక యాప్‌లో బ్యాటరీ హెచ్చరికేదైనా వస్తోందా చూడండి, వస్తే ఆ రోజే వెనక్కి ఇచ్చేయండి. పొలాలు, కొండల మీద సరదాగా తీసుకునేవాళ్లకు ఇది ఆలోచించదగ్గదే. సముద్రం మీదికైతే కాదు.

సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ గురించి నన్ను తరచూ అడుగుతారు. ఛార్జ్ సైకిల్స్ ఎన్నో, అంటే ఎన్నిసార్లు నింపి వాడారో, యాప్‌లో చూడొచ్చు. కానీ ఎండలో కారులో ఎన్నిసార్లు మగ్గిందో, ఫుల్ ఛార్జ్‌తో ఎన్నాళ్లు పడుందో ఏ యాప్ కూడా చెప్పదు. అమ్మేవాడు బాగా తెలిసినవాడైతేనే కొనండి.

ఇక కొత్త ఒరిజినల్. నా ఓటు దీనికే, అయితే కళ్లు మూసుకుని కాదు. పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. విడిభాగాలకు ఆ అడ్డు లేదు. అయినా డ్రోన్లే నేరుగా రానప్పుడు వాటి బ్యాటరీలు కూడా అక్కడొకటి ఇక్కడొకటి తెప్పించి అమ్ముతారు. అందుకే పాత మోడల్స్‌కు 'సీల్డ్ బాక్స్' అంటే 'కొత్తది' అనుకోకూడదు. మూడేళ్లు గోదాములో పడి, తనంతట తాను ఖాళీ అయిపోయిన బ్యాటరీ కూడా సీల్డ్ బాక్స్‌లోనే ఉంటుంది. డాబా గార్డెన్స్‌లో కొన్నా, హైదరాబాద్ నుంచి తెప్పించినా, కౌంటర్ దగ్గరే బాక్స్ తెరిపించండి. తయారీ తేదీ చూడండి. బటన్ నొక్కితే లైట్లు వెలగాలి. డ్రోన్ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది: సైకిల్స్ సున్నా లేక ఒకటి ఉండాలి, సెల్స్ మధ్య తేడా 0.05 వోల్టు లోపే ఉండాలి. గట్టు మీద ఊగే పరీక్ష షాపు అద్దం మీద కూడా చేయొచ్చు, మొహమాటపడకండి.

ముహూర్తం నెత్తి మీదికొచ్చి, బ్యాటరీ దొరకలేదంటే? తోటి ఆపరేటర్ డ్రోన్‌ను, ఆపరేటర్‌తో సహా, ఆ పూటకు మాట్లాడుకోండి. లాభం తగ్గుతుంది, ఆర్డర్ నిలుస్తుంది. అదీ కుదరకపోతే డ్రోన్ షాట్లు లేవని పెళ్లివాళ్లకు ముందే చెప్పి, ఆ మేరకు డబ్బు తగ్గించండి. నేను ఒకసారి చెప్పాను. పెళ్లికూతురు తండ్రి, "బాబూ, ఆ గోల లేకపోతేనే హాయి" అన్నారు.

పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేవీ వారి విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా, తూర్పు నౌకాదళ కేంద్రం రెండూ ఊళ్లోనే ఉన్నాయి. నగరంలో చాలాచోట్ల అనుమతి లేకుండా డ్రోన్ లేపే వీల్లేదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా కావాలి. బ్యాటరీ ఎంత కొత్తదైనా ఇవి మారవు.

ఉబ్బినదాన్ని ఎలా పంపాలి?

చాలామంది దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చెత్త బండిలో అది నలిగితే మంట పుట్టేది అందులో పనిచేసే మనిషి పక్కనే. అక్కడ తప్పించుకున్నా కాపులుప్పాడ డంపింగ్ యార్డులో అంటుకోవచ్చు. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీని మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వడం వాడకందారు బాధ్యత. పాత ఇనుము కొట్టుకు ఇవ్వడం కూడా అంతే తప్పు. అక్కడ రాగి కోసం సుత్తితో కొడతారు.

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే ఈ-వేస్ట్ సంస్థకే ఇవ్వాలి. ఫోన్ చేసినప్పుడే 'లిథియం బ్యాటరీ, ఉబ్బింది' అని స్పష్టంగా చెప్పండి. 'పాత బ్యాటరీ' అంటే వాళ్లు ఇన్వర్టర్‌ది అనుకుంటారు. కొరియర్లో పంపొద్దు. విమానంలో అయితే దెబ్బతిన్న లిథియం బ్యాటరీని క్యాబిన్ బ్యాగ్‌లో కూడా అనుమతించరు. బాగున్న విడి బ్యాటరీ 100 వాట్-అవర్లు (అందులో నిల్వ ఉండే శక్తికి కొలత) దాటకపోతే చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. ఉబ్బినదానికి ఆ మినహాయింపు లేదు.

ఇవ్వడానికి ముందు ఖాళీ చేయాలా? ఎఫ్‌పీవీ ప్యాక్ కొద్దిగా ఉబ్బి ఉంటే, ఆరుబయట 12 వోల్టుల 21 వాట్ల బండి బల్బును మూడు సెల్స్ ప్యాక్‌కు తగిలించి మెల్లగా ఖాళీ చేయొచ్చు. బల్బు ఆరిపోయేదాకా కాస్త దూరం నుంచి కనిపెడుతూ ఉండాలి. ఉప్పు నీళ్ల బకెట్ పద్ధతి నాకు నచ్చదు. ముందు తినేసేది టెర్మినళ్లనే. అవి తెగిపోతే లోపల ఛార్జ్ అలాగే మిగిలి, ఖాళీ అయిందన్న భ్రమ కలుగుతుంది. స్మార్ట్ బ్యాటరీని మాత్రం ఖాళీ చేయడం కోసం మళ్లీ డ్రోన్‌లో దూర్చకండి, ఛార్జర్‌కు తగిలించకండి, విప్పకండి. టెర్మినల్స్ మీద ఇన్సులేషన్ టేప్ వేసి అలాగే ఇచ్చేయండి.

ఇచ్చేదాకా ఎక్కడ పెట్టాలి? నేను మట్టి కుండ వాడతాను. అడుగున నాలుగు వేళ్ల మందం పొడి ఇసుక, దాని మీద బ్యాటరీ, పైన మళ్లీ ఇసుక. మూతి బిగించకూడదు, గ్యాస్ వస్తే పోవడానికి దారుండాలి. బీచ్ నుంచి ఇసుక తెచ్చుకోకండి. అందులో ఉప్పూ తేమా ఉంటాయి, అవి రెండూ కరెంటుకు దారి ఇస్తాయి. ఇల్లు కట్టే ఇసుకను ఎండబెట్టి వాడండి. కుండ ఎండా వానా తగలని చోట, ఇంటి బయట, గ్యాస్ సిలిండర్‌కూ బండ్లకూ దూరంగా ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో మెట్ల కింద అసలు వద్దు, అంటుకుంటే అందరూ దిగాల్సిన దారి అదే. పొగ వస్తే దగ్గరికి వెళ్లి పీల్చకండి. మనుషుల్ని దూరం పంపి 101కి ఫోన్ చేయండి. చుట్టుపక్కల అంటుకోకుండా దూరం నుంచి నీళ్లు ధారగా కొట్టొచ్చు, ఈ బ్యాటరీలను చల్లబరిచేది నీళ్లే.

అనకాపల్లి వైపు మందు కొట్టే డ్రోన్లు వాడేవాళ్లకు ఒక మాట. మినీ 2 బ్యాటరీలో ఉండేది సుమారు 17 వాట్-అవర్ల శక్తి. ఆరు సెల్స్, 16000 ఎంఏహెచ్ వ్యవసాయ ప్యాక్‌లో 355 దాకా ఉంటుంది. కుండ సరిపోదు. ఉబ్బితే పొలం దగ్గరే, గడ్డివాముకు దూరంగా ఖాళీ నేల మీద ఉంచి, అమ్మిన కంపెనీకే వెనక్కి అప్పజెప్పండి.

నా మూడో బ్యాటరీ ఎనిమిది రోజులు మేడ మీద నీడలో, కుండలో ఉంది. పెళ్లికి తోటి ఆపరేటర్ వచ్చాడు. తర్వాత మధురవాడలో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు కుండతో సహా ఇచ్చాను. మిగిలిన రెండు బ్యాటరీల మీద మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను: 'ఆషాఢం ముందు సగం ఛార్జ్, ప్రతి రెండు వారాలకు గట్టు మీద పరీక్ష.'